దివిసీమ ఉప్పెన: మా అమ్మమ్మ కథకి నీతి ఏం రాయాలి?

అడిగింది: నాగాయలంక మనవడు

ఊరు నాగాయలంక వైపు, ఉండేది హైదరాబాదులో. నాలుగో తరగతి చదివే మా పాపని బళ్లో 'మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన కథ' రాసుకు రమ్మన్నారు. చివర్లో 'నేను నేర్చుకున్న నీతి' అని మూడు గీతలు కూడా ఇచ్చారు.

మా అమ్మమ్మ దగ్గరున్నది ఒకటే కథ. 1977 నవంబరు 19, శనివారం. కార్తీకమాసం, చేలు కోతకొచ్చి ఉన్నాయి. పొద్దుటి నుంచీ ఒకటే గాలి. సముద్రం ఊళ్లోకొచ్చేసింది. తాటాకు కప్పు చీల్చుకుని పైకెక్కితే, ఆ కప్పే తెప్పలా కొట్టుకుపోయి తుమ్మచెట్టుకి తట్టుకుంది. తెల్లవార్లూ ఆ ముళ్లలోనే. మర్నాడు తాగడానికి చుక్క మంచినీళ్లు లేవు, రాలిన కొబ్బరిబొండాలే గతి.

పాప ఫోన్లో "తాతమ్మా, ఇందులో నీతేంటి?" అంది. "నీతేంటే? పోయినోళ్లు పోయారు, ఉన్నోళ్లం ఉన్నాం" అని ఆవిడ అటు తిరిగిపోయింది.

మా ఆవిడ 'ధైర్యమే ఆయుధం' అని రాసేయమంటోంది. ధైర్యం ఎక్కడుందండీ అందులో? చెట్టు అడ్డొచ్చింది, బతికారు. అమ్మమ్మని గుచ్చి అడుగుదామంటే ఆవిడకి చాదస్తం. బియ్యం మూటకి ముడి బిగించినా తిడుతుంది, జారుముడే వెయ్యాలట.

జవాబు: బందరు మాస్టారు

నీతి తర్వాత చూద్దాం, ముందు ఊళ్ల పేర్లు రాయించండి. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటివి. పోయినవాళ్లు 10 వేల దాకా అన్నది సర్కారు లెక్క, ఊళ్లలో అడిగితే ఇంకా ఎక్కువే చెబుతారు. 1864 నవంబరు 1న మా బందరులోనూ ఉప్పెనొచ్చింది, 30 వేల మంది పోయారంటారు. మా ముత్తాతలది ఈ ఊరే, అయినా మా ఇంట్లో దాని గురించి ఒక్క ముక్క మిగల్లేదు. ఎవరూ రాసిపెట్టలేదు మరి.

జవాబు: కోడూరు కోడలు

'ధైర్యమే ఆయుధం' మాత్రం వద్దు బాబూ, చచ్చి మీ కడుపున పుడతాను.

మీరు చాదస్తం అన్నారే, నేను అక్కడే ఆగిపోయాను. ఆ రోజు వాళ్లింట్లో గొడ్లున్నాయా? ఉప్పెన గురించి అడక్కండి, అది చెప్పీ చెప్పీ అరిగిపోయిన కథ. గొడ్ల గురించి అడగండి.

నాగాయలంక మనవడు

అడిగానండీ. చాలాసేపు మాట్లాడలేదు.

మూడు గేదెలట. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాక తాతయ్య పలుపులు విప్పడానికి వెళ్లాడు. తడిసిన తాడు, దానికి తోడు అవి బెదిరి గుంజుకోవడంతో ముళ్లు బిగుసుకుపోయాయి. పళ్లతో లాగి రెండిటివి విప్పాడు. మూడోది చూడిది. గోళ్లు లేచిపోయినా ఆ ముడి రాలేదట. చూరులో కొడవలి ఉంది, చీకట్లో చేతికి తగల్లేదు. "గుంజ దగ్గరే దొరికిందిరా" అంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు నాకు.

జారుముడి ఎలా వేస్తారో చూపించమంది పాప. ఆవిడ కొంగునే మంచంకోడుకి చుట్టి, మడత దూర్చి, కొస బయటికి వదిలింది. కొస లాగితే ఒక్క క్షణంలో ఊడొచ్చింది. నాలుగుసార్లు వేయించింది మా పాప.

నీతి గీతల మీద ఆ ముడి బొమ్మే వేసుకుంది. కొస దగ్గర బాణం గుర్తు పెట్టి 'ఇక్కడ లాగాలి' అని రాసింది.