ఎండాకాలంలో అనంతగిరి అడవిని బయటివాళ్లకు మూసేయాలా?

కూకట్‌పల్లి నాన్న:
మొన్న ఆదివారం ఇద్దరు పిల్లల్ని తీసుకుని వికారాబాద్ దగ్గర అనంతగిరి వెళ్లాను. అనంత పద్మనాభస్వామి గుడి చూసుకుని, అడవి దారిలో ఓ గంట నడిచాం. ఒక్క చెట్టుకూ సరిగా ఆకు లేదు. అడుగు వేస్తే ఎండుటాకు కరకరమంటోంది. మా చిన్నది "నాన్నా, ఈ చెట్లన్నీ చచ్చిపోయాయా?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. తిరిగి వచ్చేటప్పుడు దారి పక్కన ఓ ఎకరం మేర నేల నల్లగా కాలిపోయి ఉంది, ఇంకా పొగ వస్తోంది. అక్కడ చేతిలో పచ్చి కొమ్మ పట్టుకుని నిలబడ్డ పెద్దాయన ఒకరు "ఈ కాలంల రాకండి సారూ, వానలు పడ్డంక రండి" అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే. కానీ ఆ మాట అప్పట్నుంచీ నన్ను వదలడం లేదు. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా బయటివాళ్లను రానివ్వకుండా మూసేయడమే మంచిదా? తెలిసినవాళ్లు చెప్పండి.

గండిపేట నీళ్లు:
మూసేయాలి. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. అక్కడ పడ్డ వానే హైదరాబాద్ గండిపేట చెరువుకు వస్తుంది. 1908 మూసీ వరద తర్వాత ఆలోచించి కట్టిన చెరువు అది, 1920లో పూర్తయింది. అనంతగిరి పైభాగం ఎర్రటి లేటరైటు రాయి. చిల్లులు చిల్లులుగా ఉండి వాన నీళ్లు పీల్చుకుంటుంది, నెమ్మదిగా ఊటల్లో వదులుతుంది. దాని మీద ఎండుటాకు పరుపులా ఉంటేనే నీళ్లు ఆగి ఇంకుతాయి. ఆకు కాలిపోతే మొదటి వానకే బూడిదా మట్టీ కొట్టుకుపోతాయి. ఒక సిగరెట్ పీక చాలు. ఆదివారం ఎన్ని కార్లు వెళ్తున్నాయో చూశారా?

రెండు చక్రాలు:
పదేళ్లుగా వెళ్తున్నాం, ఒక్క అగ్గిపుల్ల గీయలేదు. ఎవరో చేసిన తప్పుకి అందరికీ తాళమా?

విశ్రాంత బోటనీ లెక్చరర్:
కూకట్‌పల్లి నాన్న గారూ, ముందు మీ పాపకు జవాబు చెబుదాం. చచ్చిపోలేదమ్మా, నీళ్లు దాచుకున్నాయి అని చెప్పండి. మనది ఆకు రాల్చే అడవి. ఆకు ఉంటే దాని గుండా నీరు ఆవిరైపోతుంది. నేలలో తడి తగ్గగానే చెట్టు ఆకులు వదిలేస్తుంది. సన్న కొమ్మ మీద గోటితో కొంచెం గీకితే లోపల పచ్చగా కనిపిస్తుంది. మా విద్యార్థులకు ఏటా ఇదే చూపించేవాణ్ణి. ఆకు లేనప్పుడే మోదుగ పూస్తుంది, బూరుగ పూస్తుంది. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా ఉండటం వానాకాలం ఆకుల్లో ఎవరి కంటా పడదు. ఆ మద్ది కాండంలో కొన్నిసార్లు నీళ్లు నిల్వ ఉంటాయి. 2024లో పాపికొండల్లో అటవీ సిబ్బంది బెరడు కోస్తే ధార కట్టిన వీడియో మీరూ చూసి ఉంటారు. ఎండాకాలంలో రాకపోతే మన అడవి సగమే తెలిసినట్టు. మూసేయకూడదు.

రెండు చక్రాలు:
సార్, మీరు చెప్పేది బాగుంది కానీ అక్కడ ఉన్నది అడవి కాదు, టేకు తోట. వరుసల్లో ఉన్నాయి. దానికోసం ఇంత గొడవ అక్కర్లేదు.

విశ్రాంత బోటనీ లెక్చరర్:
ఇది ఒప్పుకోను. టేకు మన నేల చెట్టే. గోదావరి లోయలో ఎవరూ నాటకుండా తరతరాలుగా పెరుగుతున్నదే. అనంతగిరిలో కొన్నిచోట్ల నాటారు, నిజమే. ఒకే లావున, ఒకే దూరంలో ఉంటే నాటినవి. కానీ రోడ్డు వదిలి లోపలికి నడవండి. టేకు పక్కనే చిరుమాను, తునికి, నల్లమద్ది, పాల, రేల కలగలిసి ఉంటే అది తోట ఎలా అవుతుంది? మీరు చూసింది రోడ్డు పక్క వంద గజాలు.

గండిపేట నీళ్లు:
టేకు గురించి నేనూ చదివాను. దాని పెద్ద ఆకు మీద చేరిన నీళ్లు లావు చుక్కలై పడి కింద మట్టిని కోస్తాయి. కింద చిన్న మొక్కలూ గడ్డీ ఉంటేనే ఆగుతుంది. నిప్పు వచ్చేది ముందు వాటికే.

విశ్రాంత బోటనీ లెక్చరర్:
అది ఒత్తుగా నాటిన చోట. సహజంగా పెరిగినచోట అంత ఉండదు. టేకును పరాయి చెట్టులా మాట్లాడటం మానాలి. లేత టేకాకు చేతుల్లో నలిపితే ఎర్రగా పండుతుంది, ఊళ్లల్లో పిల్లలంతా ఆడుకున్నదే. నీలగిరినీ సుబాబుల్‌నీ అనండి, వింటాను.

కూకట్‌పల్లి నాన్న:
నేను అడిగింది టేకు గురించి కాదండీ. వెళ్లాలా వద్దా అని.

మూడో క్లాసు అమ్మ:
వెళ్లండి. నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు తిరిగి తెచ్చుకోండి. మేమూ అదే చేస్తాం.

గండిపేట నీళ్లు:
కవర్లు కాదు సమస్య. మా కాలనీలో బోరు ఎండిపోయి ఏడేళ్లు. మార్చి నుంచి ట్యాంకర్ కొనుక్కుంటున్నాం. మా అమ్మకు ఎనభై ఏళ్లు, బకెట్ నీళ్లు లెక్కపెట్టుకుంటోంది. పైన అడవి పోతే కింద ఊరు పోతుందని మొత్తుకుంటుంటే టేకు మన చెట్టా కాదా అంటారు. పూడూరు దగ్గర దామగుండంలో నేవీ రేడియో కేంద్రానికి 2,900 ఎకరాల అడవి ఇచ్చారు, 2024 అక్టోబర్లో శంకుస్థాపన కూడా అయింది. మిగిలినదైనా కాపాడుకోవద్దా? అసలు మాట చెబుతా, నొచ్చుకోకండి. నిప్పు పెట్టేవాళ్లలో ఎక్కువమంది ఊళ్లవాళ్లే. ఇప్పపువ్వు ఏరుకోవడానికి కింద ఆకు తగలబెడతారు, బీడీ ఆకు ఇచ్చే తునికి చిగురు బాగా వస్తుందని తగలబెడతారు. సందర్శకులతో పాటు వాళ్లనూ ఆపాలి. నాలుగు నెలలు ఎవరూ అడుగు పెట్టకూడదు.

తునికాకు:
నేను ఇక్కడ చదువుతానే కానీ రాయను. ఇవాళ రాయక తప్పదు. మాది అమ్రాబాద్ వైపు ఊరు, ఇప్పుడు ఉప్పల్లో ఉంటున్నాను. ఏప్రిల్, మే నెలల్లో తెల్లారకముందే మా అమ్మతో తునికాకు తెంపడానికి పోయేదాన్ని. ఇంటికొచ్చి యాభై ఆకులు లెక్కపెట్టి కట్ట కట్టి, సాయంత్రానికి కల్లంలో ఆరబెట్టాలి. నా ఇంటర్ ఫీజు ఆ కట్టల డబ్బే. మీరు చెప్పే నాలుగు నెలల్లోనే మా ఏడాది ఉంది అన్నా. మూసేస్తే మీకు ఒక ఆదివారం పోతుంది, మాకు ఏడాది పోతుంది.

ఒకసారి మా అమ్మ ఎండుకట్టెల మోపు ఎత్తుకొస్తుంటే ఫారెస్టువాళ్లు దారిలో ఆపారు. కొడవలి గుంజుకున్నారు. ఎండిన పుల్లలే సారూ అని బతిమాలితే ఐదొందలు తీసుకుని పంపారు, కాయితం ఇవ్వలేదు. అదే దారిలో అదే రోజు టూరిస్టు జీపులు పోతున్నాయి. అమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది. అది నాకు ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

గండిపేట నీళ్లు:
మీ అమ్మగారికి జరిగింది తప్పే. కానీ మీది నల్లమల, అది వేరే అడవి. నేను అనంతగిరి సంగతి చెబుతున్నా. నిప్పు పెట్టరని మీరు చెప్పగలరా?

తునికాకు:
చెప్పలేను. మా పెద్దనాన్నే పెట్టేవాడు, ఇప్పచెట్టు కింద. గాలి లేచి ఒకసారి గుట్టంతా కాలింది. పొద్దున పోయి చూస్తే తాబేలు డొప్ప నల్లగా మాడి ఉంది. ఆ తర్వాత ఆయన పెట్టలేదు, కింద ఊడ్చి పువ్వు ఏరేవాడు. తునికి సంగతి కూడా మీరన్నది సగం నిజం. చిగురు కోసం కొమ్మ కొడితే చాలు, నిప్పు అక్కర్లేదు. ఈ మాట మా ఊళ్లో మేమే చెప్పుకున్నాం. ఎవరూ లోపలికి పోకపోతే నిప్పు పుట్టినప్పుడు చూసేదెవరు? మా నాన్న రెండేళ్లు ఎండాకాలం నిప్పు కాపలా చేశాడు. అడవిలో మంటను నీళ్లతో ఆర్పరు. పచ్చి కొమ్మ విరిచి కొట్టి కొట్టి ఆర్పుతారు. అరికాళ్లు బొబ్బలెక్కేవి.

2006లో అడవి హక్కుల చట్టం వచ్చింది, నిజమే. కానీ మేం గిరిజనులం కాదు. మాలాంటివాళ్లు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అడవి మీద బతికినట్టు రుజువు చూపించాలి. మా తాత దగ్గర కాయితాలు ఎక్కడివి?

రెండు చక్రాలు:
అక్కా, నేను తోట అన్నది అనంతగిరిని. మిమ్మల్ని నొప్పించాలని కాదు.

విశ్రాంత బోటనీ లెక్చరర్:
తోట కాదని మళ్లీ చెబుతున్నాను. కానీ అమ్మా, ముప్పై ఏళ్లు పిల్లల్ని అడవికి తిప్పాను. కొమ్మ గీకి చూపించాను, బెరడు చూపించాను. ఒక్క ఏడాదీ ఊళ్లోవాళ్లను పిలిచి మాట్లాడించలేదు. తునికి గురించి మీ అమ్మగారు చెబితే నాకంటే బాగా వినేవారు.

గండిపేట నీళ్లు:
నేను ఊళ్లవాళ్లను ఆపాలన్న మాట వెనక్కి తీసుకుంటా. కార్ల విషయంలో మాత్రం తగ్గను. వికారాబాద్ దాకా రైలుంది, అక్కణ్ణుంచి ఆటో ఉంది. మా నీళ్ల సంగతి కూడా మీరు ఆలోచించాలి అక్కా.

తునికాకు:
ఆలోచిస్తాను అన్నా. ఉప్పల్లో నేనూ ట్యాంకరే కొంటున్నా.

కూకట్‌పల్లి నాన్న:
అక్కా, పచ్చి కొమ్మ సంగతి చదివి అక్కడే ఆగిపోయాను. ఆ పెద్దాయన చేతిలో కొమ్మ ఉందని మొదట రాశానే, ఎందుకుందో నాకు తట్టనే లేదు. ఆయన పంచె అంచు నల్లగా ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ మంట ఆయనే ఆర్పి నిలబడ్డారేమో. కారులో రెండు క్యాన్ల నీళ్లున్నాయి, ఒక్క గుక్క ఇవ్వాలనిపించలేదు. రమ్మన్నారా వద్దన్నారా అనే పట్టుకున్నాను. ఈ ఆదివారం మళ్లీ వెళ్తాను, ఒక్కణ్ణే, రైల్లో. ఆయన కనిపిస్తే మాట్లాడాలి.

తునికాకు:
పొద్దున ఏడింటికల్లా అక్కడుండండి. పది దాటి గాలి లేచిందంటే వాళ్లకు మాట్లాడే తీరిక ఉండదు.