డార్క్ ఫాంటసీ చదువుతుంటే అసలు భయమే వేయట్లేదు, నాకేనా ఇలా?

నల్లపిల్లి_పేజీ:
చాలా రోజుల్నుంచి అడగాలనుకుంటున్నా అండి. ఈ ఏడాది వరసపెట్టి ఏడెనిమిది డార్క్ ఫాంటసీ నవలలు చదివేశా, అన్నీ ఇటుకరాయంత లావున్నవే. రక్తం ఉంది, శవాలు లేచి నడుస్తాయి, బలులిస్తారు, రాజులు చంటిపిల్లల్ని కూడా వదలరు, ఏ లోటూ లేదు. భయం మాత్రం నిల్. మొదటి వంద పేజీల్లో ఎవరైనా పోతే అయ్యో అనిపించేది, నాలుగొందలో పేజీకి వచ్చేసరికి ఊరికి ఊరే తగలబడిపోతున్నా ఆవలిస్తూ పేజీ తిప్పేస్తున్నా.

మొన్న డ్రాకులా మళ్ళీ తీశా. 1897 నాటి పుస్తకం, కథంతా డైరీలూ ఉత్తరాలే, అయినా ఒకచోట ఒళ్ళు జలదరించింది. రక్తం తాగే సీన్ కాదు. జొనాథన్ అనే కుర్ర లాయరు పనిమీద వచ్చి కౌంట్ డ్రాకులా కోటలో ఉంటాడు కదా, టైముకి భోజనం వస్తుంది, పక్క సర్ది ఉంటుంది, పనివాళ్ళు మాత్రం ఒక్కళ్ళూ కనపడరు. ఒకరోజు తలుపు సందులోంచి చూస్తే కౌంట్ గారే స్వయంగా పక్క వేస్తున్నాడు, తర్వాత వెళ్ళి టేబుల్ సర్దుతున్నాడు. అంతే సీను. అంటే ఆ కోటలో ఇంకో మనిషే లేడు, అంటే మొదటిరాత్రి తోడేళ్ళ మధ్యలోంచి బండి తోలుకొచ్చినవాడు కూడా వీడే! దుప్పటి సరిచేసే దెయ్యాన్ని చూసి వణికినంత నేను ఏ వెయ్యి తలల రాక్షసుణ్ణి చూసీ వణకలేదు.

నా అనుమానం ఏంటంటే ఫాంటసీ వాళ్ళు అన్నీ చెప్పేస్తారు. ఈ మంత్రానికి ఇంత శక్తి ఖర్చు, ఆ రాక్షసుడు ఫలానా లోకం నుంచి వచ్చాడు, ఫలానా కత్తికి చస్తాడు. లెక్కంతా తెలిసిపోయాక ఇంక అది దెయ్యం కాదు, సిలబస్. మీకెలా ఉంటుంది? నిజంగా భయపెట్టిన డార్క్ ఫాంటసీ ఉంటే చెప్పండి, కానీ "పది పుస్తకాల సిరీస్, నాలుగోదాన్నుంచి సూపరుంటుంది" అని మాత్రం అనొద్దు ప్లీజ్.

చివరి_అధ్యాయం:
సిలబస్ మాట బాగుంది కానీ నేను ఒప్పుకోను బ్రో. మీ డ్రాకులాకే బోలెడు రూల్స్ ఉన్నాయి, పిలవనిదే గుమ్మం దాటలేడు, వెల్లుల్లి పడదు, పడుకోవాలంటే సొంత ఊరి మట్టి కావాలి. (ఎండ తగిలితే చస్తాడనేది నవల్లో లేదు, ఆ పుస్తకంలో పట్టపగలే లండన్ వీధిలో తిరుగుతాడు, ఎండకి చావడం 1922లో నోస్ఫెరాటు సినిమాతో వచ్చింది. ఇది చెప్పకుండా ఉండలేను, సారీ.)

జేకబ్స్ రాసిన మంకీస్ పా చదివారా? 1902 కథ, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఎండిపోయిన కోతి పంజా, ముగ్గురు మనుషులకి తలా మూడు కోరికలు, రూలు మొదట్లోనే చెప్పేస్తాడు, దాపరికమే లేదు. తండ్రి రెండొందల పౌండ్లు అడుగుతాడు, కొడుకు మిషన్లో పడి చచ్చిపోతే కంపెనీ వాళ్ళు సరిగ్గా రెండొందలు తెచ్చిస్తారు. రెండో కోరికగా వాణ్ణి బతికించమని తల్లి పట్టుపడుతుంది. వాడు పోయి పది రోజులైంది, అప్పుడే బట్టలు చూసి గుర్తుపట్టాల్సి వచ్చిందని తండ్రి అంటాడు, ఆవిడ వినదు. ఆ రాత్రి తలుపు చప్పుడవుతుంది. పైన గడియ ఆవిడకి అందదు, కుర్చీ లాక్కుని ఎక్కుతుంది, ఇటు ఈయన చీకట్లో కింద పాకుతూ పంజా కోసం వెతుకుతుంటాడు, ఒకటే కోరిక మిగిలుంది. ఆ టైంలో మనకి అన్నీ తెలుసు, రూలు తెలుసు, తలుపవతల ఏముందో కూడా దాదాపు తెలుసు, అందుకే కదా ఊపిరాడనిది! రూల్ లేకపోతే ఆ సీనే లేదు.

కాబట్టి తప్పు రూల్స్‌ది కాదు. మీరు చదివినవాటిలో రూల్స్ హీరోకి పనికొస్తున్నాయి, ఇక్కడ అదే రూలు వాళ్ళ పీకకి చుట్టుకుంది.

గూడ్లగూబ77:
అయ్యా క్లైమాక్స్ దాకా చెప్పేశారు, ముందు స్పాయిలర్ అని ఒక ముక్క పెట్టొచ్చుగా 😭

చివరి_అధ్యాయం:
నూట ఇరవై ఏళ్ళు దాటిన కథకి స్పాయిలరేంటి తల్లీ. అయినా చివరి వాక్యం చెప్పలేదు, చదువుకో.

పాత_అట్ట:
ఈ గొడవ ఇప్పటిది కాదు. ఆన్ రాడ్‌క్లిఫ్ అని గోథిక్ నవలలు (పాత కోటలూ రహస్యాలూ భయాలూ ఉండేవి) రాసినావిడ, 1823లో పోయారు, మూడేళ్ళ తర్వాత 1826లో ఆవిడ వ్యాసం ఒకటి అచ్చయింది. అందులో టెర్రర్ వేరు హారర్ వేరు అంటుంది. టెర్రర్ అంటే రాబోయేది సరిగ్గా కనపడక మనసు విచ్చుకుని చెవులు రిక్కించడం, హారర్ అంటే ఎదురుగా చూసేసి లోపల గడ్డకట్టిపోవడం. నల్లపిల్లి గారి సమస్య నాకు అక్కడే కనిపిస్తోంది, ఆ నవలల్లో మొత్తం రెండోదే ఉన్నట్టుంది. గడ్డకట్టినవాణ్ణి ఇంకెన్నిసార్లు గడ్డకట్టిస్తారు.

నాకైతే ఇప్పటికీ షర్లీ జాక్సన్ 1959లో రాసిన హిల్ హౌస్ నవల్లో చెయ్యి సీనే నంబర్ వన్. చీకట్లో పక్క గదిలోంచి పిల్ల ఏడుపు వినిపిస్తుంటే ఎలినార్ పక్కనున్న స్నేహితురాలి చెయ్యి గట్టిగా పట్టుకుని పడుకుంటుంది, లైటు వెలిగాక చూస్తే ఆ అమ్మాయి దూరంగా అవతలి మంచం మీద అప్పుడే లేచి కూర్చుంటోంది. మరి ఇంతసేపూ పట్టుకున్నది ఎవరి చెయ్యి? జాక్సన్ ఆ ప్రశ్న అడిగేసి ఊరుకుంటుంది, జవాబు లేదు. ఆ చెయ్యి ఎలా ఉందో వర్ణిస్తూ ఇంకో పేరా రాసుంటే సీను చచ్చేది.

మూడోకన్ను_మూసుకుంది:
నేను రాత్రి డ్యూటీలు చేసేవాణ్ణి, హాస్పిటల్ పని, రక్తం రాసి నన్ను భయపెట్టాలనుకునే రచయితల్ని చూస్తే జాలేస్తుంది. పది పేజీలు పేగుల వర్ణన ఉంటే నాకు ఆఫీస్ పని ఇంటికి తెచ్చుకున్నట్టుంటుంది.

కానీ ఒకటి, డార్క్ ఫాంటసీని భయం కోసం చదవడమే రాంగ్ అనుకుంటా. నేను దానికోసం చదవను. గ్లెన్ కుక్ బ్లాక్ కంపెనీ ఉంది చూడండి, 1984లో వచ్చింది, కిరాయి సైనికుల దండు, చెడ్డవైపే జీతం తీసుకుని పోరాడుతుంటారు, కథ చెప్పేవాడు ఆ దండు డాక్టరు, వాళ్ళ చరిత్ర రాసేవాడు కూడా వాడే. పొడిపొడి మాటల్లో రాసుకుంటూ పోతాడు, తనవాళ్ళు చేసిన ఘోరాలు కొన్ని వివరంగా రాయకుండా దాటేస్తాడు. వాడి జోకులకి నవ్వుతూ, పేకాట సీన్లు ఎంజాయ్ చేస్తూ సగం పుస్తకం అయ్యాక ఠక్కున వెలుగుతుంది, నేనింతసేపూ ఎవరు గెలవాలని కోరుకుంటున్నాను అని. అది భయం కాదు, సిగ్గు. హారర్ నాకు ఆ సిగ్గు ఎప్పుడూ ఇవ్వలేదు. గ్రిమ్‌డార్క్ (మంచివాళ్ళే కనపడని కరుకు ఫాంటసీ) అని చెప్పుకునే కొత్తవాటిలో చాలామంది చీకటి తీసుకున్నారు గానీ ఈ సిగ్గు తీసుకోలేదు, అందరూ దుర్మార్గులే అయితే ఇంక ఎవరి గురించి సిగ్గుపడాలి?

గూడ్లగూబ77:
పైన అన్నగారు చెప్పింది కరెక్టే కానీ అడిగింది భయపెట్టే పుస్తకం కదా, నేను ఒకటి చెప్తా. క్రిస్టఫర్ బ్యూల్మన్ బిట్వీన్ టూ ఫైర్స్, 2012. ఒకటే పుస్తకం, సిరీస్ కాదు!! 1348, ఫ్రాన్స్ అంతా ప్లేగు, పరువు పోయి దొంగల్లో కలిసిన ఒక నైట్ (అప్పటి గుర్రపు యోధుడు), వాడికి తగిలిన అనాథ పిల్ల, ఇద్దరూ అవిన్యోన్ అనే ఊరివైపు నడుస్తుంటారు, పైన దేవదూతలకీ దెయ్యాలకీ యుద్ధం. రాక్షసులు బాగానే కనపడతారు, దాచడాలేం లేవు, అయినా నాకు భయమేసింది, ఎందుకంటే ఆ పిల్లకి ఏమన్నా అవుతుందేమోనని. ఊరంతా చస్తే పట్టించుకోను గానీ ఆ ఒక్క పిల్ల దగ్గితే పుస్తకం మూసి పక్కన పెట్టేశా. మధ్యలో మాత్రం కొంచెం ఊరికో రాక్షసుడు అన్నట్టు సాగుతుంది, ఓపిక పట్టండి.

నల్లపిల్లి_పేజీ:
అందరికీ థాంక్స్. నిన్న రాత్రే ఆ కోతి పంజా కథ చదివా. సిలబస్ థియరీ వాపస్ తీసుకుంటున్నా, పూర్తిగా కాదు, సగం. రూల్ తెలిసినా భయమేసింది నిజమే, కానీ తలుపు అవతల ఉన్నదాన్ని ఆయన చివరిదాకా చూపించలేదు కదా, ఆ సగం నాది.

ఒకటి మాత్రం గమనించా, డ్రాకులాలో పక్కబట్టలు, దీంట్లో తలుపు గడియ, హిల్ హౌస్‌లో చెయ్యి. నేను చదివిన ఆ ఎనిమిదింట్లో ఒక్క ఇంట్లో తలుపు గడియ ఎటువైపు ఉందో కూడా గుర్తులేదు, అన్నీ కోటలూ శ్మశానాలే. బిట్వీన్ టూ ఫైర్స్ మొదలెట్టా, ముప్ఫై పేజీలయ్యాయి, పిల్ల వచ్చేసింది. గూడ్లగూబ గారూ, దగ్గు ఏ చాప్టర్లోనో చెప్పకండి, దణ్ణం పెడతా.