సిగ్నల్ దగ్గర చెయ్యి చాపితే డబ్బులివ్వాలా, తిండా, ఏమీ వద్దా?

ఉప్పల్ బండి:
రోజూ ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ పోయే దారిలో ముగ్గురు కనిపిస్తారు. ఒక సిగ్నల్ దగ్గర చంకలో పసిపాపతో ఒకామె. ఇంకోచోట పదేళ్ల పిల్లాడు, గుడ్డతో అద్దం తుడిచి చెయ్యి చాపుతాడు. మెట్రో మెట్ల కింద కాలికి కట్టుతో ఒక పెద్దాయన. పదో ఇరవయ్యో ఇవ్వడం బరువేం కాదు. డబ్బు మేలా, తిండి మేలా? ఇవ్వడం చట్టరీత్యా తప్పా, అప్పట్లో హైదరాబాద్‌లో నిషేధం అన్నారు కదా? పసిపాప సంగతి ఎవరికి చెప్పాలి? "దానం పుణ్యం", "అంతా మాఫియా" అనే రెండు రకాల వాట్సాప్ మెసేజ్‌లూ చదివేశాను. పనికొచ్చేది చెప్పండి.

పాత ఫైలు:
ముందు పిల్లల సంగతి. పిల్లల చేతికి డబ్బు వద్దండీ, రూపాయి కూడా. ఆ డబ్బు సాయంత్రానికి పిల్లాడి దగ్గర ఉండదు. పైగా సంపాదించే పిల్లాణ్ని ఎవరూ బడికి పంపరు, అదే సిగ్నల్ దగ్గర నిలబెడతారు. పిల్లలతో అడుక్కునే పని చేయించడం జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 76 కింద నేరం. 5 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా.

ఫోన్ చేయాల్సింది పిల్లల హెల్ప్‌లైన్ 1098కి. కానీ "ఉప్పల్ సిగ్నల్ దగ్గర పిల్లలు అడుక్కుంటున్నారు" అని చెబితే వాళ్లొచ్చేసరికి అక్కడ ఎవరూ ఉండరు. ఏ సిగ్నల్, ఏ వైపు వెళ్లే రోడ్డు, ఏ మెట్రో పిల్లరు నంబరు దగ్గర, ఏ టైం నుంచి ఏ టైం దాకా, ఎంతమంది, వయసు సుమారుగా, బట్టల రంగు, దగ్గర్లో కూర్చుని చూస్తున్న పెద్దవాళ్లెవరైనా ఉన్నారా (డివైడర్ మీదో ఫ్లైఓవర్ నీడలోనో ఉంటారు): ఇవి చెప్పాలి. పాప ఎండలో గంటల తరబడి నిద్రపోతూనే ఉంటే ఆ మాటా చెప్పండి. అది మత్తా, జ్వరమా, ఆకలా అనేది మీరు తేల్చక్కర్లేదు. కదిపినా లేవట్లేదంటే మాత్రం ముందు 108.

రెండు పనులు చేయొద్దు. ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టొద్దు, పిల్లల వివరాలు బయటపెట్టడాన్ని అదే చట్టం సెక్షన్ 74 నిషేధిస్తుంది. "ఈ పాప నీ పాపేనా?" అని నడిరోడ్డు మీద నిలదీయొద్దు. జనం పోగైతే ఏమవుతుందో 2018 మేలో చాంద్రాయణగుట్టలో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారనే పుకారు మీద ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపేశారు.

ఇక చట్టం. మీరు గుర్తుచేసుకుంటున్నది 2017 నాటి ఉత్తర్వు. గ్లోబల్ ఎంట్రప్రెన్యూర్‌షిప్ సమ్మిట్ ముందు పోలీసు కమిషనర్ సీఆర్‌పీసీ 144 కింద రెండు నెలలకు ఇచ్చారు, 2018 జనవరి మొదటి వారంతో గడువు తీరింది. అప్పుడు పట్టుకున్నవాళ్లను చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్ల ఆవరణల్లోని ఆనందాశ్రమాలనే పునరావాస కేంద్రాలకు తరలించారు. 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం ఒకటుంది. అది అడుక్కునేవాళ్ల మీద, అడుక్కునేలా చేసేవాళ్ల మీదే గానీ ఇచ్చినవాళ్ల మీద కాదు. ఇచ్చినవాళ్ల మీద కూడా కేసు అన్నది ఇండోర్‌లో, 2025 జనవరి 1 నుంచి, అక్కడి కలెక్టర్ ఉత్తర్వుతో. ఢిల్లీ హైకోర్టు 2018లో తమ దగ్గరి చట్టంలో భిక్షాటనను నేరంగా చూసే సెక్షన్లు కొట్టేసింది. 2021లో నిషేధం కోరుతూ వెళ్తే, పేదరికమే దీనికి కారణమంటూ సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

పొద్దుటి టిఫిన్:
డబ్బు బదులు తిండి పెట్టండి అని అందరూ సులువుగా అంటారు. తిండి పెట్టడంలోనే ఎక్కువ పొరపాట్లు. గురువారం బాబా గుడి దగ్గర, శనివారం ఆంజనేయస్వామి గుడి దగ్గర ఒక్కో మనిషికి ఆరేడు పులిహోర పొట్లాలు పడతాయి. సగం కాలవలో పోతాయి. అదే మనిషికి సోమవారం రాత్రి ఏమీ ఉండదు. పెట్టాలనుకుంటే ఆ రోజులు వదిలేయండి.

వేడన్నం పాలిథిన్ కవర్లో కట్టి మూతి బిగిస్తే లోపల చెమ్మపట్టి, ఏప్రిల్ ఎండలో 3, 4 గంటలకే వాసనొస్తుంది. మళ్లీ వేడిచేసినా అందులో పుట్టిన విషం పోదు, వాంతులే. చల్లార్చి, కాగితంలోనో ఆకులోనో కట్టాలి. చింతపండు పులిహోర పూటంతా ఆగుతుంది, కొబ్బరి చట్నీ అన్నిటికంటే ముందు పోతుంది కాబట్టి ఇడ్లీలకు కారప్పొడి వేయండి. పెద్దవాళ్లకు పళ్లుండవు. చపాతీ ఇస్తే పక్కనున్న కుక్కకు పోతుంది. ఇడ్లీ, ఉప్మా, మెత్తగా కలిపిన పెరుగన్నం, రెండు అరటిపళ్లు, వాటితో ఒక నీళ్ల సీసా. రోజుల తరబడి ఏమీ తినని మనిషికి ఒకేసారి కడుపునిండా పెట్టడం ప్రమాదం. కొద్దికొద్దిగా పెట్టాలి, ఆసుపత్రికి చేరిస్తే ఇంకా మంచిది.

దగ్గర్లో 5 రూపాయల క్యాంటీన్ ఉంటే 10 రూపాయలు ఇవ్వడమే తేలిక. ఆంధ్రలో అన్న క్యాంటీన్‌లో మూడు పూటలకు 15. అయితే ఆదివారం సెలవని మర్చిపోకండి.

ఇంకోటి, పాలపొడి డబ్బా. "డబ్బులొద్దు, పాపకు పాలడబ్బా కొనివ్వండి" అంటూ ఫలానా షాపుకే తీసుకెళ్తే, మీరు పోగానే అది తగ్గింపు ధరకు అదే కౌంటర్లోకి వెనక్కి పోవచ్చు. కొనివ్వండి, కాకపోతే అక్కడే సీలు చింపి ఇవ్వండి. నిజంగా అవసరమున్న తల్లి ఏమీ అనుకోదు. మందుల చీటీ చూపిస్తే తేదీ, పేరు చూడండి. మడతల దగ్గర చిరిగిపోయి, ఏడాది కిందటి తేదీ ఉంటే అది మందుల కోసం తెచ్చిన చీటీ కాదు.

చిల్లర కొట్టు:
పైవన్నీ సరే గానీ, పెద్దవాళ్లకు నగదు ఇవ్వడంలో తప్పేముందో ఎవరూ చెప్పలేదు. రోడ్డు మీద బతికే మనిషికి తిండి కంటే దొరకనివి వేరే ఉన్నాయి. స్నానానికి, మరుగుదొడ్డికి డబ్బు కట్టాలి. ఫోన్ చార్జింగ్‌కి కొట్టువాడికి పదో పరకో ఇవ్వాలి. టీ తాగితేనే బెంచీ మీద కూర్చోనిస్తారు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా అంటారు, తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఉంది, నిజమే. కానీ జీరో టికెట్‌కి ఇక్కడి అడ్రసున్న గుర్తింపు కార్డు చూపాలి. రోడ్డు మీదున్నామె దగ్గర పోయినది మొదట ఆ కార్డే.

"తాగేస్తాడు" అంటారా? కొందరు తాగుతారు. బాగా అలవాటుపడ్డ మనిషికి ఒక్కసారిగా మందు ఆగిపోతే చేతులు వణకడం, తర్వాత ఫిట్స్, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. మీ 20 రూపాయలు ఆపి ఆయన్ని మాన్పించలేరు. ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, లేకపోతే "లేదయ్యా" అని మొహం చూసి చెప్పండి. అద్దం ఎక్కించి ఫోన్లోకి చూడటం కంటే నయం. పచ్చలైటు పడబోతుండగా మాత్రం పర్సు తీయొద్దు. ఆ నోటు కోసం కదిలే బళ్ల మధ్య పరిగెత్తేది వాళ్లే.

కట్లు కుట్లు:
ఆ పెద్దాయన గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ కట్టు ఎవరు మారుస్తున్నారు, ఎన్నాళ్లకోసారి అని అడగండి. నానిపోయి, పసుపచ్చగా మారి, ఈగలు ముసిరితే లోపల పురుగు పట్టి ఉండొచ్చు. పుండు చూపిస్తే డబ్బులొస్తాయి కాబట్టి మాన్పుకోరు అంటారు. కొందరి విషయంలో నిజమే కావచ్చు, అంతమాత్రాన పుండు అబద్ధం కాదు. నొప్పి లేదంటే మరీ జాగ్రత్తపడాలి. షుగరో కుష్ఠో వల్ల పాదం మొద్దుబారి ఉంటుంది. కుష్ఠుకు మందులు ఉచితం, 6 నుంచి 12 నెలలు వాడితే నయమవుతుంది. స్పర్శ పోయిన పాదాలకు మెత్తటి రబ్బరు (ఎంసీఆర్) చెప్పులు కూడా ప్రభుత్వమే ఇస్తుంది. చేతికి చెయ్యి తగిలితే అంటుకోదు. ఆ భయంతోనే చాలామంది నాణెం విసిరేసి పోతారు.

ఆసుపత్రికి రమ్మంటే రాననే అంటాడు. చాలాసార్లు కారణం మొండితనం కాదు, మూట. ఆ సంచీలో దుప్పటి, గిన్నె, పాత కాగితాలు ఉంటాయి. వదిలి వెళ్తే మున్సిపాలిటీ బండి ఎత్తుకుపోతుంది. "మూట కూడా తెచ్చుకో తాతా" అని ముందే అనండి, సగం మంది లేస్తారు. నైట్ షెల్టర్‌కీ అంతే. అక్కడ పడక ఉచితం, కానీ మగవాళ్లకు, ఆడవాళ్లకు విడివిడిగా ఉంటాయి కాబట్టి భార్యాభర్తలైతే విడిపోవాలి, అందుకే పోరు. షెల్టర్ ఇన్‌చార్జి ధ్రువీకరణ ఇస్తే దాంతో ఆధార్‌కు పెట్టుకోవచ్చు, ఆ తర్వాతే పింఛను మాట. "మీ పింఛను ఏ ఊళ్లో పడుతుంది?" అని కూడా అడగండి. చాలామందికి సొంతూళ్లో మంజూరై ఉంటుంది, నెలల తరబడి తీసుకోక ఆగిపోతుంది. ఆంధ్రలో వృద్ధులకు నెలకు 4,000, తెలంగాణలో 2,016. మీరిచ్చే పదుల కంటే ఆ ఒక్క ప్రశ్న ఎక్కువ పనిచేస్తుంది.

తనలో తాను మాట్లాడుకుంటూ, మండుటెండలో మూడు స్వెటర్లు వేసుకుని తిరిగే మనిషైతే డబ్బు దండగ. 112కి చెప్పండి. మానసిక ఆరోగ్య చట్టం 2017, సెక్షన్ 100 ప్రకారం పోలీసులు 24 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. సెక్షన్ నంబరుతో సహా చెప్పండి, స్టేషన్‌లో వినే తీరు మారుతుంది.

ఉప్పల్ బండి:
థాంక్సండీ. పిల్లరు నంబరు రేపు చూసి 1098కి చెప్తాను. పెద్దాయనకు గాజుగుడ్డ, అయోడిన్ కొని నేనే కట్టు మార్చొచ్చా?

కట్లు కుట్లు:
వద్దు. అతుక్కున్న కట్టు పొడిగా లాగితే చర్మంతో సహా వస్తుంది, రక్తం ఆగదు. ఉదయం 9 లోపు ఆటో మాట్లాడి గాంధీ ఓపీకి తీసుకెళ్లండి. మూటతో సహా.