2021 జనవరి 6 అభ్యంతరాలు: మోసం ఆరోపణనూ నిబంధనల వాదననూ వేరు చేయడం ఎలా?

2020 అమెరికా అధ్యక్ష ఎన్నికపై రిపబ్లికన్లలోనే వచ్చిన చీలిక గురించి ఒక వ్యాసం రాస్తూ ఒక చోట ఆగిపోయాను. రాష్ట్రాల ఎలక్టోరల్ ఓట్లను కాంగ్రెస్ లెక్కించిన 2021 జనవరి 6 రాత్రి, అరిజోనా ఫలితాన్ని అంగీకరించకూడదన్న అభ్యంతరానికి ప్రతినిధుల సభలో 121 మంది, పెన్సిల్వేనియా విషయంలో 138 మంది అనుకూలంగా ఓటు వేశారు. సెనేట్‌లో ఈ సంఖ్యలు 6, 7 మాత్రమే. వీరందరినీ ‘ఓట్ల మోసాన్ని నమ్మినవారు’ అని ఒకే గాటన కట్టడం సరికాదనిపిస్తోంది. ఎందుకంటే రిపబ్లికన్ ప్రతినిధి మైక్ జాన్సన్ వంటివారు ప్రధానంగా ఎత్తిచూపింది దొంగ ఓట్లను కాదు, శాసనసభల అనుమతి లేకుండా అధికారులు, కోర్టులు ఎన్నికల నిబంధనలను మార్చడాన్ని. (పెన్సిల్వేనియాలో పోస్టల్ ఓటింగును విస్తరించిన 2019 చట్టాన్ని ఆమోదించింది రిపబ్లికన్ల మెజారిటీ ఉన్న శాసనసభే అన్నది వేరే సంగతి.) మరోవైపు, ఫలితాన్ని మార్చగల స్థాయి మోసం కనిపించలేదని అప్పటి అటార్నీ జనరల్ విలియం బార్ 2020 డిసెంబరు 1నే చెప్పారు.

రెండు సభల ఓటింగు జాబితాలు చూశాను. వాటిలో పేర్లు, ఓట్లు ఉన్నాయి గాని కారణాలు లేవు. ఆ రాత్రి చర్చల అధికారిక ప్రతిని చదివాను, కాని ఓటు వేసినవారిలో చాలామంది అసలు మాట్లాడనే లేదు. మరో నాలుగు రాష్ట్రాల ఫలితాలను సవాలు చేస్తూ టెక్సస్ రాష్ట్రం 2020 డిసెంబరులో సుప్రీంకోర్టులో వేసిన దావాకు మద్దతుగా 126 మంది ప్రతినిధులు సంతకం చేసిన పత్రం ఉమ్మడి వాదన కావడం వల్ల వ్యక్తిగత వైఖరి తెలియలేదు.

అభ్యంతరానికి ఓటు వేసిన ఒక్కొక్క సభ్యుడు స్వయంగా చెప్పిన కారణాన్ని నమోదు చేసిన జాబితా లేదా పరిశోధన ఏదైనా మీకు తెలుసా?