విత్తన మినుములకు పుచ్చు పట్టింది, మొలక పోకుండా కాపాడడం ఎలా?

శ్రీకాకుళం వైపు పల్లంలో వరి కోతకు ముందు చల్లిన మినుములు, మొత్తం 40 కిలోలు. 30 ఇంటి పప్పుకి, 10 విత్తనానికి. పంటి కింద పటుక్కున విరిగేదాకా ఎండబెట్టి, నీడలో పూర్తిగా చల్లారాకే డబ్బాలకెత్తాం (వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది). పప్పుకి ఉంచినవాటికి కిలోకి 5 మి.లీ. వేరుశనగ నూనె పట్టించాం, అవి శుభ్రంగా ఉన్నాయి. విత్తనాల్లో మాత్రం ఎండు వేపాకే వేశాం.

నెల తిరక్కుండానే విత్తన గింజల మీద గసగసాల కన్నా చిన్న తెల్లటి గుడ్లు కనిపిస్తున్నాయి. గోటితో గీకితేగానీ ఊడవు. ఈ పురుగు చేలోనే కాయల మీద గుడ్లు పెట్టి ఇంటిదాకా వస్తుంది కాబట్టి వేపాకు ఒక్కటే సరిపోలేదు. పిల్లపురుగు గింజలోకి దూరాక పైకేమీ తెలియదు, గుండ్రటి కన్నం పడేసరికి లోపలంతా డొల్ల.

నల్ల టార్పాలిన్ మీద పల్చగా పరిచి, పైన లోపలివి కనిపించే పారదర్శక ప్లాస్టిక్ కప్పి ఎండలో ఉంచుదామనుకుంటున్నాం. మొలక దెబ్బతినకుండా ఎన్ని గంటలు, ఎన్ని రోజులు? తర్వాత నూనె పట్టిస్తే నవంబరుదాకా మొలక నిలుస్తుందా, లేక జల్లించిన బూడిద మేలా? బూడిదైతే కిలోకి ఎంత? ఇంట్లో పిల్లలున్నారు, డబ్బాల్లో పురుగు చావడానికి వేసే విష మందు బిళ్లలు మాత్రం వద్దు. చేసి చూసినవాళ్లు కొలతలతో చెప్పండి.