మేక ఎముకను వెలుగు దూరేంత పలుచగా అరగదీయడం ఎలా?

నమస్కారం. కడపలో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. ఇక్థియోసార్ల గురించి చదివినప్పటి నుంచి నాకు అదే ధ్యాస. కోట్ల ఏళ్ల కిందటి ఆ సముద్ర సరీసృపాల ఎముకను పలుచగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే, రక్తనాళాల దారులు కిక్కిరిసి కనిపిస్తాయి. అంటే అవి వేగంగా పెరిగాయన్నమాట! ఎముక స్పాంజిలా గుల్లబారితే నడిసముద్రంలో ఈదిన జీవి. ప్లాకోడాంట్లనే మరో రకం పురాతన సముద్ర సరీసృపాల ఎముకలా గట్టిగా, బరువుగా ఉంటే తీరం దగ్గర అడుగున తిరిగినది.

మా కడప బండలు ఎముకలే పుట్టని కాలానివి. అందుకే పిల్లలకు మేక కాలి ఎముకతో చూపిద్దామనుకున్నాను. బండలకు పాలిష్ పెట్టే మా బావ సాయం చేస్తున్నాడు కానీ, పలుచబడేసరికి ముక్క విరిగిపోతోంది. గాజుపలకకు దేనితో అంటించాలి? చివర్లో ఎంత నంబరు ఎమరీ కాగితం వాడాలి? చేసినవాళ్లు దయచేసి చెప్పండి.