నెపియన్ ఎంపీ చంద్ర ఆర్య సంగతేంటి? (ఒట్టావాకి కొత్త)

అందరికీ నమస్తే అండి. హైదరాబాద్ నుంచి ఈమధ్యే వచ్చాం, నెపియన్ నియోజకవర్గంలోని బార్‌హేవెన్‌లో ఉంటున్నాం. మా ఆవిడ వర్క్ పర్మిట్ ఫైల్ ఎక్కడో ఇరుక్కుపోయింది, ఎవరో "ఎంపీ మనవాడే, చంద్ర ఆర్య గారి ఆఫీసుకెళ్ళు" అన్నారు, తీరా చూస్తే ఎంపీ పేరు కార్నీ అని ఉంది, ప్రధానే! వాట్సాప్‌లో ఒకళ్ళేమో ఆయన్ని హిందువని పీకేశారంటారు, ఇంకొకళ్ళు ఆయన ఇండియా ప్రభుత్వం మనిషంటారు. అసలేం జరిగింది?

> తమ్ముడూ, ముందు ఆ ఫార్వర్డులు రెండూ డిలీట్ కొట్టు. ఆయనది తుమకూరు జిల్లా సిరా తాలూకా, మన పాత అనంతపురం జిల్లా బార్డరే అనుకో. ధార్వాడలో ఎంబీఏ, 2006లో కెనడా వచ్చారు, 2015లో లిబరల్ టికెట్ మీద నెపియన్ గెలిచి 2019, 2021లో కూడా నిలబెట్టుకున్నారు. 2022 మేలో పార్లమెంటులో కన్నడంలో మాట్లాడారు, ఆ వీడియో మా ఆఫీసులో బెంగుళూరు బ్యాచ్ ఎన్నిసార్లు పంపారో లెక్కలేదు (మనకి కడుపుమంట, అది వేరే సంగతి). నవంబర్‌ని హిందూ హెరిటేజ్ నెలగా చేసిన తీర్మానం ఆయనదే, ఖలిస్తాన్ వాళ్ళ మీద సభలో గట్టిగా మాట్లాడేవారు.
>
> కెనడాలో ఖలిస్తాన్ నాయకుడు నిజ్జర్ హత్య తర్వాత ఇండియా కెనడా మధ్య మాటల్లేని టైంలో, 2024 ఆగస్టులో ఢిల్లీ వెళ్ళి మోదీని కలిశారు. 2025 జనవరిలో ట్రూడో దిగిపోతానంటే పార్టీ లీడర్ పోటీకి దిగారు, దేశాన్ని రిపబ్లిక్ చేస్తానన్నారు, టీవీలో ఫ్రెంచ్ వచ్చా అంటే రాదని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ నెలలోనే పార్టీ పోటీకి అనుమతి లేదంది, మార్చిలో నెపియన్ టికెట్ కూడా వెనక్కి తీసుకుని అక్కడే కార్నీని నిలబెట్టింది. కొత్త సమాచారం వచ్చిందన్నారు గానీ అదేంటో బయటపెట్టలేదు. ఇండియా ప్రభుత్వంతో ఆయన సంబంధాల మీద నిఘా సంస్థకి అనుమానాలున్నాయని గ్లోబ్ అండ్ మెయిల్ రాసింది, ఆయన ఒప్పుకోలేదు, ఎంపీగా ఎవర్ని కలవాలన్నా ప్రభుత్వం పర్మిషన్ అక్కర్లేదన్నారు.
>
> నన్నడిగితే మూడుసార్లు గెలిచిన మనిషికి కారణం చెప్పకుండా టికెట్ లాక్కోవడం అన్యాయమే, కానీ మతం వల్లే అంటే నేను నమ్మను, గీత మీద ప్రమాణం చేసిన అనితా ఆనంద్ అదే పార్టీలో విదేశాంగ మంత్రి కదా.

>> అన్నయ్య చరిత్ర చెప్పారు, ఫైల్ సంగతి నేను చెప్తా. ఎంపీ మనవాడా కాదా అన్నది అనవసరం, పోస్టల్ కోడ్ కొడితే మీ ఎంపీ ఎవరో వస్తుంది, ఆ నియోజకవర్గం ఆఫీసుకి ఫోన్ చేసి మీ ఆవిడ సంతకంతో కన్సెంట్ ఫారం, అప్లికేషన్ నంబర్ ఇవ్వండి. ఫైల్ ఎక్కడుందో కనుక్కుని చెప్తారు, అంతే, డిసిషన్ మార్చలేరు, మారుస్తామని డబ్బులడిగేవాడు దొంగ.
>>
>> ఇంకోటి. గుడిలోనో పాట్‌లక్‌లోనో ఎవరైనా ట్యాబ్ పట్టుకొచ్చి "పార్టీ మెంబర్‌షిప్, ఫ్రీ, పేరు, మెయిల్ ఇస్తే చాలు" అంటే ఆగండి. 2019లో టొరంటో డాన్ వ్యాలీ నార్త్‌లో లిబరల్ అభ్యర్థిని ఎన్నుకునే ఓటింగ్‌కి బస్సుల్లో విదేశీ స్టూడెంట్లని దింపిన సంగతి విదేశీ జోక్యం మీద విచారణ చేసిన హోగ్ కమిషన్ దాకా వెళ్ళింది. 2025 జనవరిలో ఆ పార్టీ రూల్ మార్చింది, మెంబర్ అవ్వాలంటే సిటిజనో పీఆరో (పర్మనెంట్ రెసిడెంట్) అయి ఉండాలి, అంటే వర్క్ పర్మిట్ మీదున్న మీరు కుదరదు. అసలు ఎన్నికల్లో ఓటైతే సిటిజన్లకే.

థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. సోమవారం ఆఫీసుకి ఫోన్ చేస్తా.

>> చెయ్యండి. ఇద్దరూ ఫ్రెంచ్ కూడా మొదలుపెట్టండి బాబూ, ఆర్య గారికి లేకపోయినా పీఆర్ ఇచ్చే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫ్రెంచ్ డ్రాలకి కటాఫ్ బాగా కిందుంటోంది.